పదికొక ముడి

ఆళ్లగడ్డ,
జనవరి 18.

చిరంజీవి ఆలియాకు మీ జేజి షరీఫా దువా చేసి రాసేది.

ఇక్కడ మేమంతా ఉన్నాము. బాగున్నామని రాద్దామనుకుంటే మీ జేజినాయనకు దగ్గు. అందుకని ఉన్నామని రాసినాను. పరీక్షలయ్యేదాకా హాస్టల్లో ఫోన్ ఇవ్వరని మీ నాయన చెప్పినప్పటి నుంచి నాకు కూడు దిగడం లేదు. ఫోనులో అయితే నీ గొంతు విని జలుబు చేసిందో లేదో పట్టేసేదాన్ని. కాగితంలో జలుబు ఎట్లా తెలుస్తుంది? అందుకే నువ్వే రాయాల. అబద్ధం మాత్రం రాయొద్దు.

శిరివెళ్ల బడిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. అక్షరాలు పెద్దవిగా వస్తాయి, నవ్వుకోవద్దు. మీ అమ్మ తస్నీమ్ తాను రాస్తానంది గానీ, రెండు ముక్కలు రాసి మిగతాదంతా మామూలే అంటుంది. ఆ మామూలే నాకు కావాల్సింది.

నీ మంచం పైన ఫ్యాను ఊగుతుందని చెప్పినావు. తల అటు పెట్టి పడుకోవద్దు, కాళ్లు పెట్టు. పడితే కాళ్ల మీద పడుతుంది.

ఇంక మీ జేజినాయన సంగతి. పరుపు కుట్టమంటే నడుము నొప్పి. బాతులను చూడ్డానికి అవుకు రిజర్వాయరు దాకా పోవాలంటే ఆ నడుము యాడికి పోతుందో నాకు తెలియదు. ఏటా బాతుల లెక్కకు పోయే ఫిబ్రవరి పదిహేను ఎప్పుడొస్తుందా అని గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. పరుపుల దారం ఒక ఉండ తీసి అప్పుడే సంచిలో పెట్టుకున్నాడు. పది బాతులకు ఒక ముడి, పది బాతులకు ఒక ముడి అని రిజర్వాయర్ల చుట్టూ తిరిగి పాడుచేసే దారంతో నాలుగు పరుపులు కుట్టొచ్చు. అడిగితే "అంకెలు రాయడం నాకు రాదు కదమే, ముడి వేయడం వచ్చు" అంటాడు.

దగ్గు తగ్గేదాకా పోవద్దన్నాను. "పిల్ల లేదు, నువ్వన్నా రా" అన్నాడు. నాకు నీళ్లంటే భయమని తెలిసీ అడుగుతాడు. ఈ మాట నీకు రాయమన్నాడు, రాస్తున్నాను: "పాపా, గీతల బాతులు ఈసారి అవుకులో ముందే దిగినాయంట. దారం పంపిస్తా. పుస్తకంలో పేజీ ఖాళీ పెట్టుకో."

చన్నీళ్లతో తల స్నానం చెయ్యొద్దు.

మీ జేజి.


నంద్యాల,
జనవరి 26.

జేజీ, సలాం.

జలుబు లేదు. ఫ్యాను బిగించారు. అయినా నువ్వు చెప్పావని కాళ్లు అటే పెట్టుకుంటున్నా. నా పక్క మంచం అమృత నీ ఉత్తరం చదివి, తనూ అటు తిరిగి పడుకుంటోంది. ఇప్పుడు మా గదిలో అందరి తలలూ తలుపు వైపే.

నా పక్షుల పుస్తకం కూడా అమృతకు చూపించాను. పదేళ్లవి పది పేజీలు, ప్రతి పేజీకీ రెండు దారాలు కుట్టి ఉంటాయి కదా. "మీ తాత సైంటిస్టా, టైలరా?" అంది. "పరుపుల బుడేన్ సాబ్" అన్నాను. ముడులున్న దారం సరే, పక్కన ఈ ఉత్త దారం ఎందుకని అడిగింది. బాతులన్నీ ఉత్తరానికి వెళ్లిపోయాక జేజినాయన ఏప్రిల్లో ఇంకోసారి వెళ్లి ఖాళీ నీళ్లు చూసి వస్తాడని, ముడి లేని దారం కూడా లెక్కేనంటాడని చెప్పాను. అది నవ్వలేదు. ఆ దారాలను ఒక్కొక్కటే వేలితో నిమిరింది.

నేను లేకుండా ఆయన వెళ్లడం ఇదే మొదటిసారి. ఆయన ఇరవై నాలుగు ముడులంటే నేను ఇరవై ఆరు అంటాను, అక్కడే గట్టు మీద గొడవ. ఈసారి ఎవరితో గొడవ పడతాడు? ఒకసారి గోరుకల్లులో కుక్క తరిమితే బాతులన్నీ ఒక్కసారి లేచాయి. అప్పటిదాకా వేసిన ముడులన్నీ పుటుక్కు పుటుక్కున లాగేసి, బీడీ వెలిగించి, "దిగనీ పాపా, మనకేం పని ఉంది" అన్నాడు. అవి హిమాలయాలు దాటి వచ్చిన పక్షులని నేను చెబితే, "అంత దూరం నుంచి మన గోరుకల్లుకు వచ్చి, ఒక కుక్కకు భయపడతాయా" అని రోజంతా నవ్వాడు.

మోపెడ్ మీద వద్దను, బస్సులో వెళ్లమను. నీళ్ల సీసా పెట్టు. ప్రాక్టికల్స్ పదో తారీఖు నుంచి. దారం కోసం పేజీ ఖాళీగా పెట్టాను.

ఆలియా.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 12.

హాస్టల్ వార్డెన్ లూదియా మేడం గారికి ఆలియా వాళ్ల జేజి షరీఫా నమస్కారం చేసి రాసుకుంటున్నది.

అమ్మా, మా ఇంటాయన నిన్న పొద్దున పోయినాడు. గుండె నొప్పి. సాయంత్రానికే మట్టి చేసినాము. ఈ ఉత్తరం నా కొడుకు షఫీ చేతికిచ్చి పంపుతున్నాను. వాడు మీకిచ్చి, పిల్లకు కనపడకుండా వెనక్కి వచ్చేస్తాడు.

పిల్లకు చెప్పొద్దు. కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. పోయిన ఏడు ఆయనకు ఆపరేషనప్పుడు పిల్ల ఇంటికొచ్చి నెల రోజులు మంచం పట్టె వదల్లేదు. రెండు సబ్జెక్టులు పోయినాయి. ఇప్పుడు ఆయనే లేని ఇంటికొస్తే పుస్తకం ముట్టదు. అడవుల చదువు చదవాలని ఆ పిల్ల ఆశ, చదివించాలని ఆయన ఆశ. పరీక్షలయ్యేది మార్చి ఇరవైకంట. అంతదాకా నేను ఉత్తరాలు ఎప్పటి మాదిరే రాస్తాను. మీరు చదివి ఇస్తారని తెలుసు. చదివి, ఏమీ ఎరగనట్టు ఇవ్వండి.

ఇంట్లో అందరూ చెబుదామన్నారు. వద్దన్నది నేనే. పాపమైతే అది నాదే, మీకు అంటదు.

షరీఫా.


ఆళ్లగడ్డ,
ఫిబ్రవరి 16.

చిరంజీవి ఆలియాకు జేజి దువా.

అందరం బాగున్నాము. మీ జేజినాయన నిన్న బాతుల కాడికి పోయొచ్చినాడు. ఆయన చెబుతుంటే నేను రాస్తున్నాను.

పొద్దున మొదటి బస్సుకు పోయినాడు. ఉయ్యాలవాడ దాటినాక శనగ కోసిన చేలు, మంచు ఇంకా విడవలేదు. కోవెలకుంట్లలో బస్సు మారి అవుకులో దిగేసరికి ఎండ లేత పసుపు రంగులో ఉంది. గట్టు ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేసినాయి. నాలుగు మెట్లకొకసారి కూర్చోవాల్సి వచ్చింది. పైకి పోయి చూస్తే అన్ని నీళ్లు. అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే కడుపులో తిప్పినట్టయింది.

బాతులు అవతలి ఒడ్డున ఉన్నాయి. ముందు రాళ్లనుకున్నా, అంటే ఆయన రాళ్లనుకున్నాడు. తర్వాత రాళ్లు నడిచినాయి. తల మీద రెండు నల్ల గీతలు, ఎవరో కాటుక వేలితో గీసినట్టు. అవి గడ్డి మేస్తుంటే ఒకటి మాత్రం మెడ ఎత్తి కాపలా ఉంటుంది. అది దించితే ఇంకొకటి ఎత్తుతుంది. ఏ బాతూ తన వంతు మర్చిపోదు. తెడ్డు లాంటి ముక్కున్న కొంగలు కొన్ని, నీళ్లకోళ్లు చాలా. వాటికి ముడులు వేయలేదు, నువ్వు అడిగేది గీతల బాతులే కదా.

గట్టు మీద బర్రెలు తోలుకునే ఆయప్ప ఒకడు, "ఎవరికోసం చూస్తాండావ్? ఎవరన్నా నీళ్లలో పడినారా?" అని అడిగినాడు. లేదప్పా, బాతులు లెక్కపెడతాండా అంటే, "ఎవరివి? తప్పిపోయినాయా?" అన్నాడు. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

మధ్యాహ్నం బనగానపల్లె మీదుగా పాణ్యం పోయి, అక్కడి నుంచి ఆటోలో గోరుకల్లు. ఆటో యేసుదాసు మంచివాడు, లెక్క అయ్యేదాకా ఉన్నాడు. దారంతా కొండ కింద మోదుగలు పూసినాయి. గోరుకల్లులో తక్కువే ఉన్నాయి. చూస్తుండగానే ఒక గుంపు లేచి, కొండ పైన ఒక చుట్టు తిరిగి, ఉత్తరం పక్కకు పోయింది. మళ్లీ దిగుతాయేమోనని చీకటి పడేదాకా చూసినాడు. దిగలేదు.

దారం ఇందులో పెట్టినాను. పొడుగు పక్క అవుకు, నీలం గుడ్డ కట్టిన చోటు నుంచి గోరుకల్లు. పేజీలో కుట్టుకో.

ఆయనకు దగ్గు తగ్గింది. ఇప్పుడు నిద్రపోతున్నాడు. నువ్వు బాగా చదువుకోవాలని చెప్పమన్నాడు.

మీ జేజి.


నంద్యాల,
ఫిబ్రవరి 24.

జేజీ, సలాం.

దారం అందింది. అవుకు ముప్పై ఒకటి, గోరుకల్లు పన్నెండు. పేజీలో కుట్టాను.

ప్రాక్టికల్స్ బాగా చేశాను. నిన్న నాయన పచ్చడి సీసా తెచ్చాడు. గేటు దగ్గరే నిలబడి లారీ రోడ్డు మీద ఉందన్నాడు. జేజినాయన దగ్గు ఎలా ఉందని అడిగాను. "తగ్గింది పాపా" అని సీసా మూత బిగించాడు. అది బిగించే ఉంది.

నువ్వు వేళకు తిను. ఎవరూ లేరని పొయ్యి వెలిగించకుండా ఉండొద్దు. మోకాళ్లకు నువ్వుల నూనె రాసుకో. ఎక్కువ దూరం నడవొద్దు.

నేను చదువుకుంటాను. జేజినాయనతో చెప్పు, ఆలియా పరీక్షలు బాగా రాస్తుందని. గట్టిగా చెప్పు, ఆయన వినేలా.

ఆలియా.


ఆళ్లగడ్డ,
మార్చి 3.

చిరంజీవి ఆలియాకు జేజి దువా.

రంజాన్ నెల మొదలైంది. నువ్వు రోజాలు ఉండొద్దు. పరీక్ష హాల్లో కళ్లు తిరిగితే ఎవరు పట్టుకుంటారు? ఆ పాపం నా లెక్కలో వేసుకోమని అల్లాను అడిగినాను. నా లెక్కలో ఇప్పటికే చాలా ఉన్నాయి, ఇంకొకటి పెద్ద బరువు కాదు.

పోయిన ఉత్తరంలో నన్ను వెక్కిరించే మాట ఒక్కటి లేదు. ఒళ్లు బాగలేదా? మీ అమ్మను అడిగితే, పరీక్షలప్పుడు పిల్లలు అట్లే ఉంటారంటుంది. నేను మూడుసార్లు చదివినాను. నా మీద ఏమన్నా కోపమా?

మీ జేజినాయన బాగున్నాడు.

మీ జేజి.


నంద్యాల,
మార్చి 20.

జేజీ,

ఆఖరి పరీక్ష ఈరోజు రాశాను. అన్నీ రాశాను. పాసవుతాను.

నాకు తెలుసు. ఫిబ్రవరి ఇరవై నుంచి తెలుసు. దారం వచ్చిన రోజు పేజీలో కుట్టడానికి సూది ఎక్కించి, ఆయన ఎప్పుడూ చేసేటట్టు చివరి ముడి లాగి చూశాను. రాలేదు. గోరుతో లాగాను, రాలేదు. పక్క ముడి లాగాను. పంటితో లాగాను. నలభై మూడు ముడుల్లో ఒక్కటి కూడా ఊడలేదు.

జేజినాయన వేసే ముడి ఊడొస్తుంది జేజీ. బాతులు లేచి మళ్లీ దిగితే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి కాబట్టి, ఒక్క కొస లాగితే విడిపోయే ముడే వేస్తాడు. నా పుస్తకంలో పదేళ్ల ముడులూ అలాంటివే, ఊడొస్తాయన్న భయంతో నేను ఎవరినీ వాటి కొసలు పట్టుకోనివ్వను. నువ్వు వేసింది బొంత ముడి. ఉతికినా, బండకేసి బాదినా ఊడనిది. నలభై ఏళ్లు బొంతలు కుట్టిన చెయ్యికి ఇంకో ముడి రాదు.

తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. మోకాళ్లు నీవి. నీళ్లు చూస్తే కడుపులో తిప్పేది నీకు. ఆయన వెళ్లలేదు, నువ్వు వెళ్లావు. ఆయన మంచంలో ఉన్నా నిన్ను ఒక్కదాన్ని వెళ్లనిచ్చేవాడు కాదు, అంటే ఆయన లేడు. లూదియా మేడం దగ్గరికి వెళ్లి అడిగాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అంతే.

నేను తెలుసుకున్నానని తెలిస్తే నువ్వు తినవని రాయలేదు. ఆయన బాగున్నాడని నువ్వు రాస్తుంటే, సరేనని నేను రాశాను. అమృత నా పక్కన పడుకుని నెల రోజులు నా చెయ్యి పట్టుకుంది.

ముఖం చూడనివ్వలేదు జేజీ. నలభై కిలోమీటర్లు. ఒక గంట బస్సు.

ఎంట్రన్స్ కోచింగుకు ఇక్కడే ఉంటాను. ఫోన్లు ఇచ్చేశారు. మీరు చేస్తే ఎత్తను. పండగకు రాను.

ఆలియా.


ఆళ్లగడ్డ,
మార్చి 24.

ఆలియాకు,

దువా అని రాసే మొహం లేదు. అయినా చేస్తున్నాను.

మీ నాయన నీకు ఫోన్ చేసి చేసి, ఎత్తడం లేదని నా పక్కన కూర్చున్నాడు. వాడినేమీ అనొద్దు. నిన్ను తీసుకొస్తానని వాడు లారీ తాళం చేతిలో పట్టుకుని నిలబడితే, ఆ చెయ్యి పట్టుకుని ఆపింది నేను.

ఇప్పుడు రాసేది రాయకుండా ఉండొచ్చు. నీకు ఎట్లా తెలుస్తుంది? దీనికి ముడి లేదు నువ్వు లాగి చూడ్డానికి. కానీ రాస్తాను.

పదకొండో తారీఖు పొద్దున చెమటలు పట్టి లేచి కూర్చున్నాడు. కషాయం పెడతానంటే వద్దన్నాడు. "షరీఫా, పాపను పిలిపించు" అన్నాడు. నేనేమన్నానో విను. "పిల్లకు ప్రాక్టికల్స్ ఉండాయి, శనివారం పిలుస్తాంలే" అన్నాను. ఆయన నా మొహం చూసి నవ్వినాడు. "సరేలే, శనివారం దాకా బాతులుంటాయి" అన్నాడు. మీ నాయన ఆటో తెచ్చేలోపల అయిపోయింది.

నిన్ను అడిగినాడు, నేను పిలవలేదు. మట్టి చేసేటప్పుడు కూడా పిలవలేదు. నువ్వు ఒక్కదానికి కోపం పెట్టుకున్నావు. రెండు ఉన్నాయి.

నేనెందుకు భయపడతానో నాకే తెలియదు. ఫ్యాను పడుతుందని, బస్సు తిరగబడుతుందని, నువ్వు మళ్లీ తప్పుతావని. ఇన్ని భయాలు పెట్టుకున్నదాన్ని, ఆయన చెమట చూసి భయపడలేదు చూడు. ఆ ఒక్క రోజు ధైర్యంగా ఉన్నాను.

మొగుడు పోయినది ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. నాలుగో రోజుకే దాటినాను. మీ అమ్మ కాళ్లకు అడ్డం పడింది. బాతులను చూడకుండా అబద్ధం రాస్తే నువ్వు పట్టేస్తావని, చూసి రాద్దామని పోయినాను. ఆయన నమిలినట్టు ఆకువక్క నమిలి, దారం నోట్లో తడిపి, ఆయన దారాలకు ఉండే ఎర్ర మరక కూడా చేసినాను. అన్నీ చేసినాను గానీ ముడి సంగతి నాకు తెలియదు. నలభై ఎనిమిదేండ్లు ఆ చేతుల పక్కన కూర్చుని దూది నింపినాను. ఆయన ముడి ఎట్లా వేస్తాడో ఒక్కరోజు చూడలేదు.

ఇంకొకటి. తొమ్మిదో తారీఖు ఆదివారం, శిరివెళ్లకు బొంత ఇచ్చొస్తానని పోయినాడు. రాత్రి ఆలస్యంగా వచ్చినాడు. చనిపోయినాక అంగీ జేబులో ఈ దారం దొరికింది. అవుకు బస్సు టిక్కెట్టు కూడా. పదిహేను దాకా ఆగకుండా ఎందుకు పోయినాడో, నాలుగు ముడులేసి ఎందుకు ఆపినాడో, గట్టు మీద ఒక్కడే ఎంతసేపు కూర్చున్నాడో నన్ను అడగొద్దు. నన్ను కూడా రమ్మన్నాడని జనవరిలో రాసినాను కదా. పోయుంటే తెలిసేది.

నాలుగే ముడులని ముందు నీకు పంపలేదు. దీనికే ఇంకొన్ని కలిపి కడదామని ఒక రోజు ఒళ్లో పెట్టుకున్నాను. చెయ్యి రాలేదు. ఐదో ముడి సగం వేసి వదిలేసినాడు, దారం అక్కడ వంగి ఉంది. ఆ వంపు పోకుండా కాగితంలో పెట్టి, చుట్టూ దూది పెట్టినాను. మెల్లగా విప్పు.

లాగొద్దు ఆలియా. ఇది ఊడొస్తుంది.

పండగకు రమ్మని అడగను. సేమియా తెచ్చింది మీ అమ్మ. తిను, యాడున్నా తిను.

షరీఫా.


నంద్యాల,
ఏప్రిల్ 2.

జేజీ,

దారం అందింది. లాగలేదు. నువ్వు కట్టిన దారం పదకొండో పేజీలోనే ఉంది, తీసేయలేదు. దాని పైన దీన్ని కుట్టాను. ఆయనవి నలభై, నీవి నాలుగు వందల ముప్పై అని వేరువేరుగా రాశాను.

రెండు కోపాలూ ఉన్నాయి. రెండోది నువ్వు రాయకుండా ఉండాల్సిందని ఒక రోజంతా అనుకున్నాను. మరుసటి రోజు, రాయకపోతే ఆయన నన్ను అడిగాడని నాకు ఎప్పటికీ తెలిసేది కాదనుకున్నాను. ఈ రెంటిలో ఏది నిజమో ఇంకా తేల్చుకోలేదు.

ఆదివారం కోచింగు లేదు. అవుకు వెళ్తున్నా. బాతులు వెళ్లిపోయి ఉంటాయి. ముడి లేని దారం ఇంకా బాకీ ఉంది, అది లేకుండా ఆ పేజీ పూర్తి కాదు. నువ్వు మళ్లీ గడప దాటి రావద్దు. ఒకసారి దాటింది చాలు. ఖాళీ నీళ్లు నేను చూసి, అక్కడి నుంచి సాయంత్రం బస్సుకు ఇంటికొస్తాను. ఒక్క రాత్రే ఉంటాను. పొద్దున నాయనతో జేజినాయన దగ్గరికి వెళ్లి వస్తాను.

నేను మాట్లాడకపోతే మాట్లాడమని అడగొద్దు. అన్నం పెట్టు, తింటాను. ఒకవేళ మాట్లాడితే, గొంతు విని కషాయం పెట్టడానికి లేవొద్దు. జలుబు లేదు.

ఆలియా.